లిల్లీ దుంప నడుం కొలత

వడ్రంగి మేస్త్రి సంచీ తెచ్చి పూలమొక్కల కొట్టు బల్లమీద బోర్లించాడు. లిల్లీ దుంపలు దొర్లుకుంటూ వచ్చాయి.

"ఏమ్మా, పెట్టెమీద పద్నాలుగు సెంటీమీటర్లని రాశారు. ఇంటికెళ్లి స్కేలు పెట్టి చూశాను. ఒక్కటీ నాలుగున్నర దాటలేదు. కొలతల్లో నాకే టోపీ పెడతావా?"

కొట్టావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "స్కేలు ఎలా పెట్టావు బాబాయ్?"

"ఎలా పెడతారు? అడ్డంగా."

"నీ ప్యాంటుకి నడుం కొలత కూడా అలాగే తీస్తారా? ఇది చెక్క కాదు బాబాయ్, చుట్టూ కొలవాలి." ఆవిడ టేపు తీసి ఒక దుంప పొట్టకి చుట్టింది. సరిగ్గా పద్నాలుగు.

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. భార్య పోయాక తనతో కలిసి ఎవరైనా నవ్వి చాలా కాలమైంది. పని అయిపోయినా అక్కడే నిలబడ్డాడు.

"పోయినేడు గోలీకాయలంతవి కొన్నాను. ఆకులు తప్ప ఏమీ రాలేదు."

"చిన్నవాటికి ఒంట్లో సత్తువ ఉండదు. ఒకటి రెండేళ్లు ఆకులతోనే పెరగాలి. ఇవైతే ఈ ఏడే పూస్తాయి. అయినా అంత తొందరేంటి?"

"మా చెల్లెలు వస్తానంది. వదిన లిల్లీలు మళ్లీ పూశాక చెప్పు అన్నయ్యా, చూడ్డానికొస్తానంది. పోయినేడు పూయలేదు. తనూ రాలేదు."

"పూయకపోతే రాకూడదా?"

ఆవిడ మామూలుగానే అడిగింది. అతను మాత్రం నవ్వు ఆపి బల్లమీదికి వంగాడు. దుంపలు ఏరుకుని సంచీలో వేసుకున్నాడు.

ఇంట్లో రేడియో దానిపాటికది మాట్లాడుతోంది. వచ్చేసరికి ఇల్లు బోసిగా ఉండకూడదని ఆపకుండానే వెళ్తాడు. కుండీల్లో దుంపలు నాటి, చేతులు కడుక్కుని, చెల్లెలికి ఫోన్ చేశాడు.

"పూశాయా అన్నయ్యా?" ఎత్తగానే అంది.

"లేదు. ఇప్పుడే పాతాను."

"మరి ఫోన్ చేశావేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది." అతను రేడియో సౌండు తగ్గించాడు. "అవి పూసేదాకా ఆగకు. ముందే రావే."

అంతదాకా అవతల వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏదో ఒక ఆదివారం వీలు చూసుకుంటాలే," అంది చివరికి.

ఏ ఆదివారమో అతను అడగలేదు.