పార్సిల్ కాంటా

2019 మే 21, మంగళవారం. పొద్దున ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటోంది, ఆకు కదలడం లేదు. కోరుట్ల అవతలి చిన్న స్టేషన్‌లో హమాలీ రాజం రోజూలాగే పార్సిల్ కాంటా మీది దుమ్ము తువ్వాలతో దులిపాడు.

ఆ స్టేషన్ చరిత్ర సర్వే రాళ్లతో మొదలవుతుంది. వాటి మీద కూర్చుని రెండు తరాలవాళ్లు రైలొస్తుందని ఓట్లేశారు. తీరా వచ్చేసరికి ఎక్కడానికి దుబాయి పోయే పిల్లగాళ్లే మిగిలారు. సరే, చెప్పాల్సింది కాంటా సంగతి. ఏదెక్కించినా అది తర్వాతి బరువే చూపేది. పసుపు బస్తాకైతే, మార్కెట్లో తరుగు పేరిట కొట్టేశాక మిగిలేది. మనిషికైతే, తిరిగొచ్చే నాటి బరువు. అందుకే బొంబాయి బండెక్కేవాణ్ని ముందు కాంటా ఎక్కించి, ముల్లు చూపినంత బంగారం సమ్మక్కకు మొక్కుకునేవారు. బంగారమంటే మా దిక్కు బెల్లం. ముల్లు ఎంత దూరం పోతే అంత సంబరం.

రెండేళ్ల కింద బక్కపలుచని శ్రవణ్‌కు నూట ఇరవై రెండు కిలోలు చూపింది. కొడుకు బలిసి వస్తాడని తండ్రి వాడకంతా కల్లు పోయించాడు. మొన్న జనవరిలో, శ్రవణ్ భార్య స్వరూప చూస్తుండగా, అతని శవం పెట్టెను బండి దించి కాంటా మీద పెట్టింది రాజమే. నూట ఇరవై రెండు. రాజం పట్టాల పక్కకు పోయి కక్కుకున్నాడు.

ఇవాళ రాజం అక్క రాజవ్వ కొడుకు రాకేశ్ ఎక్కాడు. నూట పంతొమ్మిది. గుట్కా నములుతున్న దుబాయి ఏజెంటు చప్పట్లు కొట్టాడు.

"నా కొడుకు ఏనుగోలె అస్తడు తమ్మీ, నీ లెక్క ఎండుకట్టె గాదు" అంది రాజవ్వ.

రాజం ముల్లు వైపు వేలు చూపాడు. "శ్రవణ్ పెట్టె ఎంత తూగిందో ఎరుకేనా అక్కా?"

"మంచిగ పోయేటప్పుడు పీనుగు ముచ్చటేందిరా."

"పోయిననాడు ఎంత చూపిందో గంతే. గది ఒళ్లు గాదే, పెట్టెతోని తూకం."

మూటలు మోసేవాడికి శకునాలెందుకన్నాడు ఏజెంటు, పట్టాల మీదికి ఎర్రగా ఉమ్ముతూ. రాకేశ్ ఆ ఉమ్మును చూశాడు, మామ మొహం చూశాడు.

"నేను పోను" అన్నాడు. ముల్లు వెనక్కి జారి అరవై మూడు దగ్గర ఆగింది. బండి వచ్చి పోయింది.

నాలుగేండ్లకు రాజం పోయాడు. రెండు గదుల ఇల్లు బిడ్డ వనితకొచ్చింది. హమాలీ బిళ్ల రాకేశ్‌కొచ్చింది. కొత్త కాంటా వచ్చాక పాతదాన్ని ఇనుపసామాను కింద ఏజెంటే కొనుక్కున్నాడు. శ్రవణ్ పేర కంపెనీ పంపిందంతా తండ్రికి చేరింది, మేడ లేచింది. ఆ మేడకు ఎదురుగా కిరాయి రేకుల కింద స్వరూప బీడీలు చుడుతోంది. ఆమెకు ఏమీ రాలేదు.