కెంప గోళ్ళు

నవీన్ మా అంగడికి ఎప్పుడొచ్చినా ఒక్కడే వచ్చేవాడు. చేతిలో స్టూడియో కవరు ఉండేది. కవరులో మా చెల్లెలు తీసిన కుక్క ఫోటోలు.

నవీన్ మా చెల్లెలు లావణ్య మొగుడు. ఊరి చివర వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కుక్క పేరు కెంప, పుట్టింది మా చిక్కపేట వీధిలోనే. సారెతో పాటు వీధికుక్కను కూడా వెంటబెట్టుకుపోయిన పెళ్ళికూతురు మా పేటలో లావణ్య ఒక్కతే. చుట్టాలంతా నవ్వారు. మొగుడు ఉద్యోగానికి పోతే పగలంతా లావణ్యకు తోడెవరని నేనే సర్దిచెప్పాను.

మొదటి ఫోటో చూసి మురిసిపోయాం. కెంప గుమ్మం దగ్గర లావణ్య చెప్పుల మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. మా ఇంట్లోనూ దానికి ఆ చెప్పులే దిండు. అమ్మ ఆ ఫోటోను గల్లాపెట్టె పైన అతికించి, చీరలు కొనడానికి వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

రెండో ఫోటోలో గోడకు మేకు, మేకుకు ఊరికే వేలాడుతున్న కుక్క గొలుసు, కింద కూర్చుని దాన్నే చూస్తున్న కెంప.

"ఎంత బుద్ధిగా కూచోనుండాదో చూడు," అంది అమ్మ.

నాకు మాత్రం మనసులో కలుక్కుమంది. "లావణ్య రాలేదేమప్పా?" అని నవీన్‌ను అడిగాను.

"జ్వరం వదినా. పండుకోనుండాది."

అంతకు ముందు తలనొప్పి. దానికి ముందు ఇంటికి చుట్టాలు. పగలు ఫోను చేస్తే ఎవరూ ఎత్తేవారు కాదు. సాయంత్రం చేస్తే నవీన్ ఎత్తి లావణ్యకు ఇచ్చేవాడు. "బాగుండానక్కా. ఫోటోలు చూడు," అనేది. ఎప్పుడూ అదే మాట. గలగలా మాట్లాడే పిల్ల, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడేది కాదు. ఒకసారి పోయి చూసొస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "పిలవకుండా పోతే ఏమనుకుంటారే? కొత్త కాపురం," అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ అమ్మ ముందు దాని ఆటలు సాగవు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

మూడో ఫోటోలో కెంప ముఖమే లేదు. గచ్చు మీద చాచిన ముందు కాలు, అంతే.

నవీన్ నవ్వాడు. "చూడు వదినా, ముఖం తియ్యమంటే కాళ్ళు తీస్తాది. సుమ్నే, ఊరికే ఫిల్ము దండగ."

అమ్మ కూడా నవ్వింది. నేను ఫోటో పట్టుకుని వాకిలి దగ్గర వెలుతురులోకి వచ్చాను. గోళ్ళు బాగా పెరిగి, కొనలు వంకర తిరిగి ఉన్నాయి. కెంపకు గోళ్ళు పెరగడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మా వీధి బండల మీద తిరిగి తిరిగి ఎప్పటికప్పుడు అరిగిపోయేవి. వాన పడినా, ఒంట్లో బాగాలేకపోయినా లావణ్య దాన్ని తిప్పకుండా ఉండేది కాదు. కుక్క వీధి మొహం చూసి చాలా రోజులైంది. అంటే లావణ్య కూడా చూడలేదు.

వెనక్కి తిరిగితే నవీన్ నన్నే చూస్తున్నాడు. అనుమానం వచ్చిందని తెలిస్తే ఇంటికి పోయి లావణ్యను ఏం చేస్తాడో. కోపమంతా మింగేసి నవ్వాను. "నిజమేనప్పా, దానికి ఫోటో తియ్యడమే రాదు. ఉండు, కాఫీ తాగి పో," అన్నాను. ఆ కాఫీ కలుపుతుంటే చక్కెర సగం కిందే పోయింది.

మర్నాడు అతను ఆఫీసుకు పోయి ఉంటాడనుకున్నాక, పక్క ఇనుపసామాను అంగడి మునినారాయణప్పను వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను. సంచిలో సుత్తి, గడ్డపలుగు పెట్టుకోమన్నాను.

"నీ అనుమానం తప్పయితే ఏం చేస్తామమ్మా?" అన్నాడు దారిలో.

"కాఫీ తాగి వస్తామప్పా."

తప్పే కావాలని వైట్‌ఫీల్డ్ దాకా మొక్కుకుంటూనే ఉన్నాను.

కొత్త బిల్డింగు, సగం ఫ్లాట్లు ఖాళీ. పై అంతస్తులో వాళ్ళ తలుపుకు బయట బీగం వేలాడుతోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లోపల గచ్చు మీద గోళ్ళు టకటకమంటూ తలుపు దగ్గరికి వచ్చాయి.

"లావణ్యా," అన్నాను.

తలుపుకు ఆనుకుని అన్నట్టు లావణ్య గొంతు వినిపించింది. "కాళ్ళ ఫోటో చూస్తివా అక్కా?"

"చూసినా. నువ్వు పక్కకు జరుగు."

మునినారాయణప్ప గడ్డపలుగు దూర్చి ఒక్క ఊపు ఊపాడు. బీగం ఊడి పడింది. తలుపు తెరుచుకోగానే కెంప మా కాళ్ళ మధ్య నుంచి దూరి మెట్ల మీదుగా కిందికి ఒకటే పరుగు. లావణ్య లోపలే ఉండిపోయింది. బాగా చిక్కింది. నేను చెయ్యి చాపాను. పట్టుకోలేదు, తన పాదాల వంక చూసుకుంది.

"రావే. ఇంకేం కావల్ల నీకు?"

"చెప్పులు లేవక్కా," అంది. "అన్నీ తీసి ఎక్కడో పెట్టినాడు."

మొదటి ఫోటోలో ఆ చెప్పులున్నాయి. తర్వాత ఏ ఫోటోలోనూ లేవు. నా చెప్పులు విప్పి గడప ఇవతల పెట్టాను. దానికవి పెద్దవే. వేసుకుని, నా భుజం పట్టుకుని బయటికొచ్చింది.