బకెట్టు పలుకు

ఇన్నాళ్ళూ ఫ్లాట్‌లో నాతో ఉన్న హర్షవర్ధన్ పెళ్ళి చేసుకుని లండన్‌లో అటు కొసనున్న ఇల్ఫర్డ్‌కి మారిపోతూ, ఇంట్లో బీరు తయారుచేసుకునే బకెట్టు నాకు వదిలేశాడు. "నలభై పైంట్లు వస్తది బావా. బుడగలు ఆగిపోగానే సీసాల్లో పోసెయ్," అన్నాడు. నలభై పైంట్లు, అంటే ఇరవైరెండు లీటర్ల పైచిలుకు, ఎవడు తాగుతాడో మాత్రం చెప్పలేదు, వెధవ.

డబ్బాల్లో అమ్మే బార్లీ మాల్టు పాకం, నీళ్ళు, ఈస్టు కలిపాను. వాట్‌ఫర్డ్ చలికి దోసెల పిండి పులవడానికి కప్పినట్టే బకెట్టుకి నా దుప్పటి కప్పి, నేను కోటు వేసుకుని పడుకున్నాను. మర్నాటికి మూతమీది గొట్టంలో బుడగ పలికింది. బుడుక్. అప్పట్నుంచి ఆఫీసు నుంచి రాగానే షూ కూడా విప్పకుండా వినేవాణ్ణి. ఫ్లాట్‌లో నేను కాక చప్పుడు చేసేది అదొక్కటే.

తొమ్మిదో రోజు ఆగిపోయింది. సీసాలన్నీ కడిగి వరసగా పెట్టాను. గరాటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత సీసాలు మళ్ళీ అట్టపెట్టెలో సర్దేసి, ఈస్టు మళ్ళీ పులియబెట్టడం మొదలెడుతుందని కిలో పంచదార కరిగించి బకెట్టులో పోశాను. బీరు పాడవుతుందని తెలుసు. పాడవనీ.

మర్నాడు సాయంత్రం తాళం తీసేసరికి లోపల బుడుక్‌మంది.

"ఆఁ, వచ్చేశా," అన్నాను.