పోస్టర్ లేని వీడ్కోలు

పెళ్లయి నలభై రోజులైంది. ఆ నలభై రోజులూ ప్రిస్కిల్లాకు ఏం చూసినా ముచ్చటగానే ఉంది. నల్లగండ్ల ఫ్లాట్ తలుపు మీద ఇద్దరి పేర్లూ ముచ్చటే, కిరణ్ పాల్ పొద్దున్నే వంకరటింకరగా కోసే దోసకాయ ముక్కలూ ముచ్చటే. అన్నిటికంటే ముచ్చట, హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చుని బాచుపల్లిలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీకి తను తయారుచేసిన కాలెండర్. క్యాంపస్‌లో ఏ రోజు ఏ కార్యక్రమం ఉందో పిల్లలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. అది మొదలై రెండు వారాలైంది. "ఒకసారి వచ్చి, పిల్లలేమంటున్నారో నీ చెవులతో విని వెళ్లమ్మా" అని ప్రిన్సిపాల్ పార్థసారథి పిలిస్తే ఎగురుకుంటూ వెళ్లింది.

ఆయన సెమినార్ హాల్లో ఉన్నారంటే అక్కడికే నడిచింది. రెండు వందల కుర్చీలు. ముందు వరసలో ఏడెనిమిది మంది. వేదిక మీద మెడలో చామంతి దండతో సాయమ్మ. ఆ కాలేజీని ఇరవై మూడేళ్లు ఊడ్చిన మనిషి. ఉద్యోగంలో ఆమెకు ఆ రోజే ఆఖరు, ఆ సభ ఆమె వీడ్కోలుకే. పక్క బల్ల మీద విప్పని సమోసా డబ్బాలు.

"ఏమయ్యా, కాలెండర్‌లో పెట్టమన్నానా లేదా?" ప్రిన్సిపాల్ గుమాస్తా యాదయ్యను నిలదీస్తున్నారు.

"పెట్టిన సార్. సోమారమే పెట్టిన."

"పెడితే ఏదీ? పొద్దున కోడింగ్ పోటీ ఉంది, సాయంత్రం డాన్సుంది. మధ్యలో ఇదెక్కడ?"

యాదయ్య చుట్టూ చూశాడు. ప్రిస్కిల్లా కనిపించింది. "మేడం, మీకు ఫోన్ చేసి అడిగిన గద. పోస్టర్ లేదు, నడుస్తదా అని. నడుస్తదన్నరు."

అలా అన్న మాట నిజమే. సోమవారం సాయంత్రం దుర్గం చెరువు దగ్గర మిర్చి బజ్జీ తింటూ, కిరణ్ చెప్పే జోకు సగంలో ఉండగా, "ఏం పర్లేదండి, నడుస్తుంది" అని ఫోన్ పెట్టేసింది. పోస్టర్ లేని కార్యక్రమాల చోట బూడిదరంగు గడి ఖాళీగా కనపడి పేజీ అందమంతా పాడుచేస్తోందని, అలాంటివి తెర మీదికి రాకుండా దాచేసింది తనే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఫోన్‌లో యాదయ్యకు చెప్పాలని కూడా తోచలేదు. ఆఫీసులో పేజీ చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

"నేర్చుకోమంటే నేర్చుకోరు, పైగా నెపం నీ మీద" అని ప్రిన్సిపాల్ ఆమె వైపు తిరిగి నవ్వారు. "నీ కాలెండర్ బ్రహ్మాండంగా ఉందమ్మా. వాడటమే వీళ్లకు రాదు."

ప్రిస్కిల్లా తలూపింది.

ఊపాక గానీ తను చేసిన పనేమిటో తెలియలేదు. యాదయ్య తల దించుకుని కుర్చీ సర్దుతున్నాడు.

"ఇడువుండ్రి సారు," అంది సాయమ్మ వేదిక మీది నుంచే. "పాపం ఆయన్ను అంటరేంది? పిల్లలకు పరీక్షలుంటయి."

"తప్పు ఆయనది కాదండి," అంది ప్రిస్కిల్లా. దాచింది ఎందుకో, ఎలాగో, ఫోన్‌లో తను ఏమందో, అన్నీ చెప్పింది.

"ఓస్, ఇంతేనా," అన్నారు ప్రిన్సిపాల్. "రేపు సరిచేసేయ్."

"రేపు నేనుండ గద సారు," అని సాయమ్మ నవ్వింది. తరవాత ప్రిస్కిల్లాను దగ్గరికి పిలిచింది. "బొమ్మ లేకుంటే ఎందుకు దాసినవు బిడ్డా?"

"చూడ్డానికి బాగుండదని..."

"గంతేనా." సాయమ్మ మెడలో దండ సర్దుకుంది. "నా ఫోటో పెడితే జర మంచిగ కనబడుతుండెనా?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. ప్రిస్కిల్లా ఫోన్ బయటికి తీసింది.

"ఇప్పుడే అందరి ఫోన్లకూ కబురు పెడతానండి. పది నిమిషాల్లో వచ్చేస్తారు."

"వద్దు బిడ్డా. క్లాసుల నుంచి గుంజుకొస్తే ఏం బాగుంటది. సమోసాలు సల్లారినయి, తిను."

సమోసా చేతిలో పట్టుకుని ప్రిస్కిల్లా యాదయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన వెనక వరస నుంచి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"క్షమించండి యాదయ్య గారు. నేను చెప్పేశాను కదండీ సార్‌తో."

"చెప్పిన్రు మేడం," అన్నాడాయన, కుర్చీ దించకుండానే. "జర ముందుగాల తలూపిన్రు."