చౌడమ్మకు చేరని మెసేజి

గంగరత్న చూపు ఒక తావున నిలిచేది కాదు. చీర ఉయ్యాల్లో పడుకున్న బిడ్డ మీదికి ఒకసారి పోతుంది, తట్టల్లో ఆకు కింద కదలాడే పట్టుపురుగుల మీదికి ఒకసారి పోతుంది, చేతిలోని ఫోను మీదికి ఒకసారి పోతుంది. పదినెలల బిడ్డ కాస్త ఎక్కువసేపు కదలకుండా నిద్రపోతే చాలు, చేస్తున్న పని వదిలి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసొస్తుంది.

"అట్ల పెట్టి పెట్టి ఆ బిడ్డ ముక్కు సప్పిడి చేస్తావమ్మే," అని అక్కడే ఆకు తరిగే హనుమప్ప ఆటపట్టిస్తాడు. "రేపు ఎవురూ చేసుకోకపోతే నా మీదికి రావద్దు."

హిందూపురం నుంచి పెనుకొండకు పోయే రోడ్డు పక్కన నరసింహులు నడిపే చాకీ కేంద్రం అది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పట్టుపురుగు చీమంత కూడా ఉండదు. అట్లాంటి పసిపురుగులకు లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి పెట్టి, సాకి, కాస్త తేరుకున్నాక రైతులకు ఇవ్వడమే చాకీ పని. పెరిగేటప్పుడు పురుగు అప్పుడప్పుడు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని రైతులు జ్వరం అంటారు. రెండో జ్వరంలో ఉండగానే రైతు వచ్చి తీసుకుపోవాలి. జ్వరం లేచిన పురుగుకు ఆకలి ఆగదు. కేంద్రంలో ఉండే లేతాకు వెనకొచ్చే పసిపురుగులకే సరిపోదు, ఇంక వీటికి ఎక్కడిది? ఒక్క రోజు ఆలస్యమైతే మాడిపోతాయి.

అంతకు ముందేడు దాకా "మీ పురుగులు సిద్ధమయినాయి, రాండప్పా" అని ఊరూరికీ పోయి చెప్పేది హనుమప్ప. అతని మోకాళ్ళు, మోపెడ్డు ఒకేసారి పాడయినాయి. ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, రైతుల చేతుల్లోకి కూడా సెల్‌ఫోన్లు వచ్చేస్తున్నాయని నరసింహులు తనూ ఒకటి కొని, మెసేజీలు పంపేదానికి గంగరత్నను పెట్టుకున్నాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు జబ్బు చేసి బడి మానేసింది ఆమె. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, ఆ అక్షరాలతోనే తెలుగు మాటలు కొడుతుంది. మొగుడు లక్ష్మన్న ధర్మవరంలో మగ్గం నేస్తాడు, ఆదివారానికి వస్తాడు. బిడ్డను కళ్ళ ముందర పెట్టుకుని చేసుకోగలిగిన పని ఆమెకు ఇదొక్కటే దొరికింది.

మెసేజీలు బాగానే పోతుండేవి. పెనుకొండ దిక్కు వాళ్ళకు పోతాయి, తలుపుల మండలం దిక్కు వాళ్ళకు పోతాయి. పోయినసారి బ్యాచిలో మాత్రం మడకశిర రోడ్డులో ఉండే దొడ్డగుట్టపల్లి చౌడమ్మ రాలేదు. రెండు రోజుల తర్వాత ఆమె మామూలుగా కనుక్కుందామని వచ్చేసరికి నూరు గుడ్ల పురుగులు, అంటే నూరు చిలకలు పెట్టిన గుడ్లలోనుంచి వచ్చిన వేలకొద్దీ పురుగులు, తట్టల్లోనే ఎండిపోయి ఉన్నాయి.

"నాకు మెసేజి రాలా," అంది చౌడమ్మ.

"పంపినామమ్మా. ఇదో, ఫోనులోనే ఉండాది చూడు," అన్నాడు నరసింహులు.

"నీ ఫోనులో ఉంటే నాకేం లాభం సామీ? నా ఫోనులో లేదు గదా! తోటలో ఆకు ముదురుతాంటే నేను రాకుండా ఉంటానా? నా పురుగులను నేనే చంపుకుంటానా?"

ఎవరికి వాళ్ళు తమదే నిజం అన్నారు. చౌడమ్మ చచ్చిన పురుగులను ఒకసారి చేత్తో తడిమి చూసి, బస్సుకు పోయింది. ఆ పోవడం చూసిన గంగరత్నకు రెండు రోజులు అన్నం సయించలేదు. నంబరులో ఒక అంకె తప్పు కొట్టానేమో అని ఎన్నిసార్లు సరిచూసుకుందో. నంబరు సరిగ్గానే ఉంది.

ఈసారి బ్యాచికి నరసింహులు కొత్త నియమం పెట్టాడు. మెసేజి అందినవాళ్ళు సాయంత్రం ఆరు లోపల జవాబు ఇయ్యాల. ఇయ్యకుంటే వాళ్ళ పురుగులు వేరేవాళ్ళకు పోతాయి. తలుపుల నుంచి వెంకటేశులు అనే రైతు నూరు గుడ్లవి ఎప్పుడు దొరికినా ఎత్తుకుపోతానని కాచుకొని ఉన్నాడు.

"ఇది కోపంతో చెప్పేది కాదమ్మా," అన్నాడు నరసింహులు. "పురుగు యాడైనా బతకాల. అంతే."

మర్నాడు పొద్దున్నే గంగరత్న, ఈసారి చేరిందో లేదో రిపోర్టు వచ్చేటట్టు ఫోనులో పెట్టుకుని, అందరికీ మెసేజీలు కొట్టింది. "అందింది" అని ఒక్కొక్కటే రిపోర్టు వస్తూ ఉంది. చౌడమ్మది మాత్రం "పెండింగ్" అని ఆగిపోయింది. బిడ్డకు రాగిమాల్ట్ తాపుతూ చూసింది. పెండింగ్. బిడ్డను నిద్రపుచ్చి చూసింది. పెండింగ్. బిడ్డ లేచి ఏడ్చేసరికి "ఫెయిల్డ్" అని వచ్చింది. మళ్ళీ పంపింది. మళ్ళీ అంతే. మూడోసారి నేరుగా ఫోన్ చేస్తే అటునుంచి ఒకామె తియ్యగా, స్విచ్చాఫ్ అని కన్నడంలో చెప్పింది.

"హిందూపురంలో కూర్చోని ఆంధ్రా నంబరుకు కొడితే కన్నడం ఎందుకు మాట్లాడతాంది హనుమప్పన్నా?"

"చౌడమ్మ పుట్టినిల్లు ఆపక్కనే గదా. ఫోనుకు కూడా అమ్మగారింటి మీద గాలి మళ్ళిందేమో."

గంగరత్నకు నవ్వు రాలేదు. నరసింహులు దగ్గరికి పోయి, "అన్నా, నేనే పోయొస్తా. సాయంత్రం లోపల ఫోన్ చేస్తా," అంది.

"బిడ్డనెత్తుకోనా? ఇంత ఎండలోనా?"

"బిడ్డను ఈడ వదిలేసి పోతే నేను బస్సులోనుంచి దూకేస్తానన్నా."

నరసింహులు ఆమెను ఎగాదిగా చూసి, కేంద్రం ఫోను ఆమె చేతిలోనే పెట్టి పంపించాడు.

మడకశిర బస్సు కిటకిటలాడుతోంది. బిడ్డ తల మీద తడిగుడ్డ వేసి, ఎండపొడ తగలకుండా కొంగు పట్టుకుని కూర్చుంది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో బిడ్డ. రోడ్డు మీద దిగి, గుట్ట చుట్టూ నడిచి ఊర్లోకి పోయింది. చౌడమ్మ తోటలోనే ఉంది. గంగరత్నను గుర్తుపట్టి, నడుముకు చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏమమ్మా, ఈసారి కూడా నా పురుగులు సచ్చిపోయిన సంగతి చెప్పను ఇంత దూరం వచ్చినావా?"

"బతికే ఉండాయక్కా. రేపు పొద్దున నువ్వే తీసకపోవాల. నీకు మెసేజి రాలేదా?"

"నాకెవురు పంపించినారు?"

"పొద్దుట్నుంచి పంపుతాండా. ఫోను యాడుందక్కా?"

చౌడమ్మ ఇంట్లోకి తీసుకుపోయింది. ముందు బిడ్డను చూసి, "అయ్యో, దీని మొగం చూడు, ఎట్ల కందిపోయింది," అని నీళ్ళిచ్చి, చాప పరిచింది. ఆ తర్వాత గూట్లోనుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కవరులో గుడ్డ. గుడ్డలో ఫోను. ఫోను ఆఫ్‌లో ఉంది.

"ఆఫ్ చేసి పెట్టినావేందక్కా?"

"ఊర్లో ఆన్ చేస్తే ఎట్లమ్మా? దుడ్లు కాలిపోవూ?"

గంగరత్నకు అర్థం కాలేదు. చౌడమ్మ ఫోను నొక్కి చూపించింది. తెర వెలిగింది. కాస్త తర్వాత పైన కర్ణాటక అని వచ్చింది. గుట్ట అడ్డమై ఊర్లోకి ఆంధ్రా టవరు అందదు. సరిహద్దు అవతలి కర్ణాటక టవరు ఒంటికాలి మీద నిలబడి రమ్మంటుంది. ఒకసారి బెంగళూరు నుంచి అల్లుడు ఫోన్ చేసి ఊరికే బాగోగులు మాట్లాడితే, పక్క రాష్ట్రం టవరు మీద ఎత్తిన పాపానికి చౌడమ్మ కార్డు మొత్తం ఖాళీ అయిపోయింది. అది చూసి ఊరంతా మాట్లాడుకుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఊర్లో ఉన్నంతసేపూ ఫోన్లు ఆఫ్. సాయంత్రం పాలు పొయ్యడానికి రోడ్డు మీదికి పోతారు కదా, అక్కడ ఆంధ్రా వస్తుంది. అక్కడ ఆన్ చేసుకుని మాట్లాడుకోవాల్సినవన్నీ మాట్లాడుకుని, మళ్ళీ ఆఫ్ చేసుకుని వస్తారు. నిన్న మాత్రం చౌడమ్మ మరిచిపోయి ఊర్లోకి వచ్చాక ఆఫ్ చేసింది, పొద్దున ఆ కన్నడం అందుకే.

"మెసేజీకి దుడ్లు పట్టుకోరక్కా," అంది గంగరత్న.

"పట్టుకోరని నువ్వు చెప్తాండావు. కర్ణాటకోడు చెప్పాల గదా," అని చౌడమ్మ టక్కున ఆఫ్ చేసేసింది.

కేంద్రం ఫోనులోనూ కర్ణాటక అనే ఉంది, ఎండ తగ్గి బిడ్డతో రోడ్డు మీదికి పోయినాకే నరసింహులుకు ఫోన్ చెయ్యాలి. గంగరత్న అక్కడే కూర్చుని ఆలోచనలో పడింది. ఊర్లో ఆఫ్ చేసినా, సాయంత్రం రోడ్డు మీద ఆన్ చేస్తున్నారే. అప్పుడైనా మెసేజి వచ్చి పడాలి కదా?

పొద్దువాలే వేళకు చౌడమ్మతో పాటు పాలకేంద్రం దగ్గరికి పోయింది. క్యాన్ల చప్పుడుతో పాటు ఒక్కొక్క ఫోనూ మేలుకుంటోంది. టింగ్ టింగ్ మని ఎవరెవరివో మెసేజీలు. ఒకాయనకు కొడుకుది, ఒకామెకు కంపెనీది. చౌడమ్మ ఫోనుకు కూడా ఒకటి వచ్చింది, అది అల్లుడిది. అంటే దాచిపెట్టిన మెసేజీలు ఇక్కడికి వస్తున్నాయి. కేంద్రం మెసేజి మాత్రం లేదు.

బిడ్డకు పాలు తాగించి భుజాన వేసుకుంది గంగరత్న. పొద్దున జరిగింది మళ్ళీ తలచుకుంది. రాగిమాల్ట్ తాపి, పడుకోబెట్టి, బిడ్డ లేచేసరికి ఫెయిల్డ్. రెండోసారీ అంతే సేపు. ఆ బిడ్డ పొద్దుటి కునుకు గంట దాటదు. గంటసేపు పెండింగులో ఉండి, ఆ తర్వాత చచ్చిపోతోందా మెసేజి?

ఫోనులో మెసేజీల సెట్టింగు తెరిచి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ కిందికి పోయింది. ఒక చోట వ్యాలిడిటీ అని ఉంది. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. రీచార్జి కార్డు మీద ఉండేదే. కార్డు వ్యాలిడిటీ అయిపోతే కార్డు పనికిరాదు. మెసేజికి కూడా వ్యాలిడిటీ ఉంటుందా? దాని ఎదురుగా ఒక గంట అని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫోను కొత్తగా తెచ్చిన రోజు నరసింహులు అందరి ముందరా అన్నీ నొక్కి చూశాడు. గంట, ఒక రోజు, మూడు రోజులు, వారం అని వరసగా చూపించింది ఫోను. "వారానికి చేరితే మనకేం లాభం? పురుగు సంగతి ఇది. గంటలో చేరి తీరాల!" అని గంట మీద నొక్కాడు. గంటలో చేరుస్తుందని అనుకున్నాడు ఆయన. ఫోనేమో గంటసేపు తలుపు కొట్టి, ఎవరూ తియ్యకుంటే మెసేజి పారేసి పోతోంది. ఫోను ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఊర్లకు ఏ చిక్కూ లేదు. దొడ్డగుట్టపల్లికే వచ్చింది.

గంగరత్న వారం మీద నొక్కి, వెంటనే కేంద్రంలో ఉండే ల్యాండ్‌లైనుకు ఫోన్ చేసింది.

"అన్నా, నేను గంగరత్నను."

"ఇప్పుడా చెప్పేది? వెంకటేశులు వచ్చి తట్టలు ఎత్తిస్తాండాడు. ఆరు దాటిపాయ గదమ్మా. ఆయమ్మ జవాబు లేదు, నీ ఫోనూ లేదు."

"చౌడమ్మక్క నా పక్కనే ఉండాదన్నా. ఆమెకు మెసేజి రాలేదు. పోయినసారీ రాలేదు. ఆమె అబద్ధం చెప్పలా."

"మరి ఎవురు చెప్పినారు అబద్ధం? ఫోనా?"

గంగరత్న లెక్క వేసుకుంది. పొరపాటు తనదేనని చెప్పేస్తే ఆయనకు కోపం తగ్గుతుంది, పురుగులు కూడా ఇస్తాడేమో. కానీ తప్పు నొక్కే మనిషిని పనిలో పెట్టుకోడు. ఉన్నది చెబితే, తప్పు నీదని పనిమనిషి ముఖాన అంటే ఏ యజమాని పడతాడు? బిడ్డ భుజం మీద కదిలింది. చౌడమ్మ క్యాను కింద పెట్టి ఆమె ముఖమే చూస్తోంది.

"ఈ ఊర్లో ఫోన్లు సాయంత్రం దాకా ఆఫ్‌లో ఉంటాయన్నా. మన మెసేజికి గంటే వ్యాలిడిటీ పెట్టిండాది. అది అయిపోతానే పోతాంది."

"ఎవురు పెట్టింది?"

"మీరేనన్నా. ఫోను తెచ్చిన రోజు."

అటునుంచి తట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టే చప్పుడు వినబడింది. ఆ తర్వాత నరసింహులు ఫోను పక్కకు పెట్టి అరిచినట్టు దూరంగా వినబడింది: "వెంకటేశులా, దించప్పా, దించు. అవి దొడ్డగుట్టపల్లివి. నీకు వచ్చే బ్యాచిలో ఇస్తా... ఏమబ్బా, ముఖం అట్ల పెడతావు? ఇస్తానంటాండా గదా!"

మళ్ళీ దగ్గరికొచ్చాడు. "ఆయమ్మకు ఫోనియ్యి."

చౌడమ్మ ఫోను అందుకుని, హిందూపురం దాకా నేరుగా వినిపించాలన్నట్టు గట్టిగా మాట్లాడింది. ముందు పోయిన పంటకు దులిపింది. ఆయన ఏం చెప్పాడో, దులపడం ఆపి ఊఁ కొట్టింది. "ఆఁ... ఆఁ... ఎండ రాకముందే వస్తా. సరే," అని ఫోను తిరిగిచ్చింది.

"ఏమన్నాడక్కా?"

"నూటికి ఇంకో యాభై గుడ్లవి ఊరికే ఇస్తాడంట, పోయినసారికి. నోటితో తప్పయిందని అనలా." చౌడమ్మ క్యాను మూత బిగించింది. "అనకపోతే పాయ. ఆ యాభైకి తట్టలు యాడుండాయి నాకు?"

గంగరత్న చేతిలో ఫోను మళ్ళీ మోగింది. నరసింహులే.

"బస్సు ఉండాదా నీకు? బిడ్డకు ఎండ తగిలిందా ఏమి?"

"తగల్లేదన్నా."

"రేపు కాస్త నిదానంగా రా. ఇంగ మీద ఆ దిక్కుకు మెసేజీలు పాలు పోసే వేళకే కొట్టు. ఎప్పుడు కొట్టాల్నో నువ్వే చూసుకో, నన్ను అడగొద్దు."

చౌడమ్మ అప్పటికే ఊరి దిక్కు నడుస్తూ, ఎదురొచ్చిన ఆమెను తట్టలు అడుగుతోంది. "రెండు చాలు వదినా, కడిగిచ్చేస్తా. రేప్పొద్దునకే కావాల." గంగరత్న బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుని, హిందూపురం బస్సు కోసం రోడ్డుకు అవతలి పక్కకు పోయి నిలబడింది.