ఒత్తులు రాలిన పేర్లు

లియాఖత్ అలీ మాస్టారు టైపు చేసిన కాగితం చూస్తే పెళ్లిపందిరి గుర్తొచ్చేది. శీర్షిక కింద రెండు గీతలు, చుట్టూ చుక్కల అంచు, నాలుగు మూలలా నాలుగు పువ్వులు. నందికొండలో ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఆయన, సెలవు చీటీని కూడా సింగారించనిదే బయటికి పంపలేదు. అలాంటి మనిషి చేతికి కంప్యూటర్ దొరికితే ఊరుకుంటాడా?

ఊరుకోలేదు కాబట్టే ఆయన కూతురు షంషాద్, నల్లగొండలో తాను పనిచేసే ఇంటర్నెట్ సెంటర్లో తల పట్టుకుని కూర్చుంది. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. టైపు నేర్చుకునేవాళ్లు లేక ఆదివారం ఇన్‌స్టిట్యూట్ మూసేస్తున్నారు. ఆ రోజు పాత విద్యార్థులంతా వస్తారు. తన దగ్గర నేర్చుకున్న మూడువందల పన్నెండు మంది పేర్లూ వాళ్లకు ఇంటర్నెట్లో చూపించాలని మాస్టారి కోరిక. హాజరు పుస్తకాలు ఎప్పుడో చెదలపాలయ్యాయి. అందుకని ఆయన పేర్లన్నీ గుర్తున్నవి గుర్తున్నట్టు కంప్యూటర్లో కొట్టి, ఫ్లాపీలో పంపాడు.

ఆ ఫైలును వెబ్ పేజీగా మారిస్తే అది తెరుచుకోదే! సగం పేర్లు వచ్చేలోపే ఫోన్ లైను తెగిపోతోంది. లోపల కోడు చూస్తే ఒక్కో పేరు చుట్టూ రంగు, సైజు, అంచు, గీత అంటూ బారెడు సరంజామా. ఆ టైపు సాఫ్ట్‌వేరు మాస్టారు పెట్టిన ప్రతి సోకునూ మూటగట్టి పేజీ నెత్తిన పెట్టింది.

శుక్రవారం పొద్దున షంషాద్ నడుం బిగించింది. కంటికి చెత్తగా కనిపించిన ప్రతిదాన్నీ "ఉన్నచోటల్లా తీసెయ్" అని ఆజ్ఞ ఇస్తూ పోయింది. ఫ్లాపీలోని పాత ఫైలు మీదే సేవ్ చేసింది. పేజీ కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేసింది. సంబరంగా చదవబోయింది.

బికమ. సుకమ. జానయ. నిరలమ.

ఆ రోజుల్లో తెలుగు కంప్యూటర్ లోపల తెలుగులా ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాలూ, ఏవో అంకెల గుర్తులూ తెలుగు ముఖం తగిలించుకుని తిరిగేవి. తెర మీద ఒత్తులుగా కనిపించేవి ఆ అంకెల గుర్తులే. చెత్తతో పాటు వాటినీ ఊడ్చేసింది షంషాద్. మూడువందల మందికీ ఒత్తులు రాలిపోయాయి. మాస్టారు నేరుగా ఫ్లాపీలోనే కొట్టాడు కాబట్టి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే మాస్టారూ, ఆయన భార్య ఇక్బాల్ బీ చేపల వేపుడు డబ్బాతో బస్సు దిగి వచ్చారు.

"అయ్యిందా బేటా?" అన్నాడాయన.

"తప్పు చేసిన అబ్బా. నీ పేర్లన్ని ఖరాబ్ చేసిన." షంషాద్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెత్త అనుకొని ఒత్తులు తీసేసిన."

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని తెర చూశాడు.

"జర జరుగు," అని కుర్చీ లాక్కున్నాడు. "మొదటి పేరు ఆఖరుకు చేద్దాం. రెండోది చెప్పు."

"బికమ."

ఆయన కళ్లు మూసుకుని బల్ల మీద వేళ్లు ఆడించాడు. రెండు చోట్ల వేలు ఆగింది. "ఈడ ష ఒత్తు పడాలె, ఆడ మ ఒత్తు పడాలె. బిక్షమ్మ. అచ్చంపేట పిల్ల. మిషన్ మీద చేయి పెడితే టేబుల్ ఊగేది. పెట్టు."

షంషాద్ పెట్టింది. సుకమ సుక్కమ్మ అయింది, జానయ జానయ్య అయ్యాడు. "సతమ" దగ్గర ఆమె ఆగింది. "సత్తమ్మనా, సత్యమ్మనా?"

"సత్యమ్మ. సత్తమ్మ తర్వాతి బ్యాచ్." ఆయన వేళ్లు మాత్రం అప్పటికే పక్క పేరుకు వెళ్లిపోయాయి.

మధ్యలో భోజనం అక్కడే కానిచ్చారు. మాస్టారు ఒక చేత్తో తింటూ రెండో చేత్తో బల్ల మీద టైపు కొట్టాడు. పోయిన ఒత్తు ఒక్కటీ ఆయన వేళ్లకు దొరక్కుండా పోలేదు. తాను చెత్త అన్న మాట తలచుకున్నప్పుడల్లా షంషాద్‌కు సిగ్గేసింది. తండ్రి మీద ముద్దూ వచ్చింది.

సాయంత్రానికి మొదటి పేరు ఒక్కటే మిగిలింది. తెర మీద "ఇకాల్ బీ" అని ఉంది. ఇన్‌స్టిట్యూట్ తెరిచిన రోజు చేరిన మొదటి విద్యార్థి ఆమే. పరీక్ష పాసయ్యాక మాస్టారినే పెళ్లి చేసుకుంది.

"అమ్మీ, నీకొక ముచ్చట చెప్పాలె," అంది షంషాద్. "పేజీ బరువుల సగం నీ ఒక్క పేరుదే. పద్నాలుగు రంగులు, తొమ్మిది అంచులు. ఒకదాని మీద ఒకటి పెట్టుకుంట పోయిండు."

ఇక్బాల్ బీ భర్త వైపు తిరిగింది. ముప్పై ఏళ్లుగా క్లాసులో ఎవరికీ తలవంచని మాస్టారు కీబోర్డు వైపు తల దించుకున్నాడు.

"ఏం పెట్టినా సరిపోయినట్టు అనిపియ్యలే," అన్నాడు.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కంఠం మాత్రం మామూలుగానే ఉంచుకుంది. "గిన్ని రంగులు నాకెందుకు? అందరి తీరుగ సాదాగనే ఉండనియ్యిండ్రి. ఒత్తు మాత్రం మీరే పెట్టుండ్రి."

మాస్టారు చొక్కా అంచుకు వేలు తుడుచుకున్నాడు. పాత మిషన్ మీద కొట్టినట్టు గట్టిగా, ఒక్కసారే మీట నొక్కాడు.