పదకొండు గంటల జ్వరం

వాషింగ్ మెషీన్లు బాగుచేసే మెకానిక్కుకి ఒక పిచ్చి అలవాటు. ఎవరింటికి వెళ్ళినా మెషీన్ కంటే ముందు గుమ్మం దగ్గర చెప్పులు చూస్తాడు. పగలు పదకొండింటికి చిన్నపిల్లల చెప్పులు కనబడ్డాయా, ఇక ఆయన మనసు మనసులో ఉండదు. బడివేళకు పిల్లలు ఇంట్లో ఉన్నారంటే, వాళ్ళూ తమలాంటివాళ్ళేమోనని ఆశ.

తమలాంటివాళ్ళంటే మరేం లేదు, పిల్లని ఇంట్లోనే చదివించుకునేవాళ్ళు. ఆయన కూతురికి ఎనిమిదేళ్ళు. బడికి వెళ్ళినన్నాళ్ళూ నోరు విప్పలేదు. రెండేళ్ళ క్రితం మాన్పించి, తల్లి తన కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాక ప్రశ్నలతో ప్రాణం తీస్తోంది. అందుకే ఇంట్లో కందిరీగ అంటారు. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మొహం మీదే అన్నారు. ఆ పోరు పడలేక, ఎవరైనా అడిగితే జ్వరమని చెప్పమని తల్లే నేర్పింది. పిల్ల బుద్ధిగా నేర్చుకుంది.

మాట వచ్చింది సరే, మాట్లాడే జత ఏది? కందిరీగ లూడో అట్ట నేల మీద పరుచుకుని, ఎర్ర కాయ జరిపి, పక్కకి వెళ్ళి నీలం కాయ జరిపి, నాలుగు వైపులా తానే తిరుగుతూ ఆడుతుంది. అమ్మానాన్నలతో ఆడొచ్చు కదా అంటారేమో. వాళ్ళు కావాలని ఓడిపోతారు, అది దానికి తెలిసిపోతుంది. ఆ తిరుగుడు చూడలేక తండ్రి ఒకనాడు దాని పక్కన కూర్చున్నాడు. "ఇంత ఊళ్ళో మనలాంటివాళ్ళు ఒక్కళ్ళయినా ఉండకపోరు, వెతికి పట్టుకొస్తా" అని మాటిచ్చాడు.

మాటిచ్చి పది నెలలైంది. చిన్న చెప్పులు చాలా ఇళ్ళ ముందే కనబడ్డాయి. బడికి పోలేదా అని ఆయన అడగడం, జ్వరం అంకుల్ అని వాళ్ళు అనడం, అయ్యో పాపం అనుకుని ఈయన స్క్రూలు విప్పుకోవడం. ఎప్పుడొస్తారు నాన్నా అని కందిరీగ అడగడం కూడా మానేసింది. అడిగినప్పటికంటే అడగనప్పుడే ఆయనకి ఎక్కువ బాధగా ఉండేది.

ఆ రోజు వెళ్ళింది మూడో అంతస్తులో ఒక ఇంటికి. గుమ్మం దగ్గర మూడు జతల చిన్న చెప్పులు. మెషీన్లోంచి నీళ్ళు పోవడం లేదు. ఫిల్టర్ విప్పితే ఒక హెయిర్‌పిన్ను, పెన్సిల్ ముక్క, లూడో పాచిక బయటపడ్డాయి. పాచిక తుడిచి ఇద్దామని గదిలోకి తొంగిచూశాడు. పిల్లాడు సోఫా మీద తలకిందులుగా పడుకుని పుస్తకం చదువుతున్నాడు. ఇద్దరాడపిల్లలు అట్టముక్కలతో వంతెన కడుతున్నారు.

"ఏమ్మా, బడికి పోలేదా?"

"జ్వరం అంకుల్," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఎక్కం అప్పజెప్పినట్టున్న ఆ గొంతు ఎక్కడో విన్నాడు. ఎక్కడో ఏమిటి, తన ఇంట్లోనే. గ్యాస్ అబ్బాయి అడిగితే కందిరీగ అచ్చం ఇలాగే చెబుతుంది. నా బుద్ధి మండా, అనుకున్నాడు. పది నెలలుగా ఎన్ని గుమ్మాల్లో ఈ జ్వరాన్ని నమ్మి వచ్చేశాడో!

ఈలోగా ఆ పిల్లల తల్లి వంటింట్లోంచి వచ్చి వాళ్ళకి అడ్డంగా నిలబడింది. "మీరొచ్చిన పని చూసుకోండి," అంది ముక్తసరిగా. ఇంటివాళ్ళ సొంత విషయాలు అడగకూడదని కంపెనీ రూలు. ఫిర్యాదు వెళ్తే ఉద్యోగానికే ఎసరు. అయినా ఉండబట్టలేకపోయాడు.

"మా అమ్మాయికీ ఇదే జ్వరం అమ్మా," అన్నాడు పాచిక ఆమె చేతిలో పెట్టి. "రెండేళ్ళయింది."

ఆవిడ పిల్లలకి అడ్డు తప్పుకుంది. పక్కనున్న స్టూలు ఆయన వైపు జరిపింది.

"మాకు నాలుగేళ్ళండీ," అంది. "ఇంకెవరూ లేరనుకున్నాం."

సాయంత్రం ఇల్లు చేరగానే, ఆదివారం ముగ్గురు పిల్లలు వస్తున్నారని చెప్పాడు. కందిరీగ ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. అది కాయలన్నీ ముందు పోసుకుని, ఏ రంగుకా రంగు విడదీసి, వాటి వంకే చూస్తూ కూర్చుంది.

"వాళ్ళు మూడు రంగులు తీసుకుంటారు కదా నాన్నా. మరి నాది ఏది?"

"నీకేది ఇష్టమైతే అదే తల్లీ."

"తెలీదు," అంది కందిరీగ. "ఇన్నాళ్ళూ అన్నీ నేనే కదా."